గతుకుల్లోనూ ఊగని మౌంట్లు: ఆఫ్‌రోడ్ బండికి ఇంట్లోనే చేసుకునే పద్ధతి

గతుకుల దారి ఎక్కిన పది నిమిషాలకే ఫోను తల వాల్చేసిందంటే తప్పు ఫోనును పట్టుకున్న హోల్డరుది కాదు. ఆ హోల్డరును దేనికి తగిలించామో దానిది. ఏసీ గ్రిల్లు రెక్కలు గాలిని మళ్ళించడానికి చేసినవి, బరువు మోయడానికి కాదు. అద్దానికి అతికే రబ్బరు కప్పు ఎండకు మెత్తబడి, దుమ్ముకు పట్టు వదిలేస్తుంది. డ్యాష్‌బోర్డు పైతోలుకు బిగించిన స్క్రూ రెండు మూడు మి.మీ. ప్లాస్టిక్‌ను మాత్రమే పట్టుకుని ఉంటుంది, ఆ రంధ్రం కొన్నాళ్ళకు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది. తారురోడ్డు మీద ఇవన్నీ బాగానే పనిచేస్తాయి కాబట్టి లోపం కొన్నరోజున తెలియదు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో మొదట తయారయ్యేది హోల్డరు కాదు, ఆధారం. డ్యాష్ మీద లోహానికి బిగించిన ఒక స్లాట్ బార్ (పొడవునా గాడి ఉన్న అల్యూమినియం కడ్డీ), లేదా రోల్‌బార్‌ను (బండి బోల్తా పడితే మనుషులను కాపాడే గొట్టాన్ని) పట్టుకునే ఒక క్లాంపు. రెండింటి మీదా కూర్చునేలా ఒకే కొలతల ప్లేటు. ఆ ప్లేటు మీద బాల్ మౌంటు, అంటే గుండు మీద ఎటైనా తిరిగే మౌంటు. ఫోను మారినా, ట్యాబ్ మారినా పైభాగం ఒక్కటే మారుతుంది.

కుదుపు ఎంత బరువు

అర కిలో ట్యాబ్, దాన్ని ఆధారానికి కలిపే మౌంటు చెయ్యి 15 సెం.మీ. అనుకుందాం. బండి గోతిలో పడినప్పుడు నాలుగు జీల (వస్తువు బరువుకు నాలుగు రెట్ల) కుదుపు వస్తే చెయ్యి చివర దాదాపు 20 న్యూటన్ల బలం, మొదట్లో 3 న్యూటన్ మీటర్ల మెలిపెట్టు పడుతుంది. ఎం4 (4 మి.మీ. వ్యాసం) స్టీలు బోల్టును గట్టిగా బిగించేటప్పుడు వాడే టార్క్ కూడా దాదాపు అంతే. అంటే ఒక్కో గోతికీ ఎవరో స్పానరు పెట్టి మౌంటును అటొకసారి ఇటొకసారి తిప్పుతున్నట్టే. గంట ప్రయాణంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది.

చెయ్యిని సగానికి కత్తిరిస్తే మెలిపెట్టు సగమవుతుంది. అదే బలానికి చెయ్యి చివర వంగడం మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందం రెట్టింపు చేసినా వంగడం ఎనిమిదో వంతే, కానీ అప్పుడు బరువూ రెట్టింపు. కాబట్టి మౌంటు ఊగుతోందంటే ముందు చెయ్యిని పొట్టి చేయండి, ఆ తర్వాతే మందమైన లోహం గురించి ఆలోచించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, బారెడు చెయ్యికి లావుపాటి పట్టీ వేసి, అడుగున ఉన్న ప్లాస్టిక్‌ను పగలగొట్టుకుంటారు.

లోహం ఎంపికలో ఇంకో సంగతి. మామూలు స్టీలులో ఒక హద్దు లోపల ఉన్న కుదుపు ఎన్నిసార్లు వచ్చినా పగులు రాదు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు, ప్రతి ఊపూ దాని ఆయుష్షులో కొంత తినేస్తుంది. పైగా 6061-టీ6 రకాన్ని పదునుగా 90 డిగ్రీలు వంచితే వంపు బయటి అంచున వెంట్రుకవాసి చీలికలు అప్పుడే మొదలవుతాయి. అందుకని వంగిన భాగాలన్నీ, అంటే బార్‌ను నిలబెట్టే కాళ్ళూ బ్రాకెట్లూ, మెత్తటి స్టీలు పట్టీతో చేయండి. వంపు లేని చదునైన ప్లేట్లకు అల్యూమినియం హాయిగా వాడుకోవచ్చు. అల్యూమినియమే వంచక తప్పకపోతే 5052 రకం అడిగి తెచ్చుకోండి.

చోటు చూసుకోవడం

పని మొదలుపెట్టే ముందు బండి మాన్యువల్‌లో ఎయిర్‌బ్యాగ్‌ల పటం చూడాలి. ప్రయాణికుడి ముందు డ్యాష్ పైభాగం, స్టీరింగ్, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో ముందు పిల్లర్లూ పైకప్పు అంచులూ, మోకాలి ఎయిర్‌బ్యాగ్ ఉంటే స్టీరింగ్ కింది ప్యానెలు. వీటి మీదా, అవి విచ్చుకునే దారిలోనూ ఏదీ బిగించకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి పట్టేది రెప్పపాటు కంటే తక్కువ సమయం, దారిలో ఉన్న ఫోను రాయిలా ముఖం మీదికి వస్తుంది.

తర్వాత సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోండి. గేర్ రాడ్‌ను అన్ని గేర్లలోకీ, ఫోర్‌వీల్ లివర్‌ను అన్ని స్థానాల్లోకీ తిప్పి చూడండి. హ్యాండ్‌బ్రేక్ లాగండి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి, గ్లవ్‌బాక్స్ తెరవండి. స్క్రీను మీద వేలు పెట్టడానికి వీపు సీటును వదలాల్సి వస్తే ఆ చోటు పనికిరాదు. బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు తల, మోకాలు ఎక్కడిదాకా వస్తాయో పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి చూడండి. ఆ పరిధిలో ఉండే ప్రతి అంచునూ ఆకురాయితో కనీసం 3 మి.మీ. గుండ్రంగా చేయాలి.

ముందరి అద్దానికీ బార్‌కూ మధ్య 40 మి.మీ. ఖాళీ వదలండి. మంచు కరిగించే గాలి పైకి రావాలి, అద్దం తుడవడానికి చెయ్యి పట్టాలి. స్క్రీను పై అంచు బానెట్ కనిపించే గీతను దాటి పైకి రాకూడదు. రోడ్డు మీద ఇది చిన్న విషయమేమో గానీ రాళ్ళ దారిలో చక్రం పక్కన ఉన్న రాయి కనబడాలంటే ఆ నాలుగు వేళ్ళ చూపు చాలా ముఖ్యం.

స్లాట్ బార్ వేయడం

కావలసినవి: 20×20 మి.మీ. అల్యూమినియం స్లాట్ బార్, 500 నుంచి 600 మి.మీ. పొడవు. కాళ్ళకు 25×3 మి.మీ. స్టీలు పట్టీ ఒక మీటరు. ఎం5 బోల్టులు పది (పొడవు ఎంతో కింద చూడండి), స్లాట్‌లోకి దూరే ఎం5 టీ-నట్లు పది, వాషర్లు, నైలాన్ రింగున్న లాక్ నట్లు, 3 మి.మీ. రబ్బరు షీటు చిన్న ముక్క, నల్ల పెయింటు. పనిముట్లలో వైసు, హ్యాక్సా, డ్రిల్లు, సెంటర్ పంచ్, ఆకురాయి చాలు.

ఆధారం వెతకడమే ఇందులో అసలు పని. డ్యాష్ పై మూత గానీ, స్పీకరు జాలీ గానీ విప్పి చూస్తే కింద లోహపు బీముకు పోయే బోల్టులు కనిపిస్తాయి. ప్రయాణికుడు పట్టుకునే పిడి బోల్టులు, మధ్య కన్సోలును డ్యాష్‌కు కలిపే బోల్టులు కూడా మంచివే. బోల్టు విప్పి చూసి, అది ప్లాస్టిక్‌లోకి కాకుండా నట్టులోకి పోతోందని తేల్చుకున్నాకే దాన్ని నమ్మండి. అలాంటి చోటు దొరక్కపోతే డ్యాష్ లోపలి రేకుకు రివెట్ నట్టు (రంధ్రంలో దూర్చి నొక్కితే రేకుకే పట్టుకునే నట్టు) వేయవచ్చు. ఎం5 రివెట్ నట్టుకు 7 మి.మీ., ఎం6కు 9 మి.మీ. రంధ్రం కావాలి. రంధ్రం అర మి.మీ. పెద్దదైనా నట్టు తర్వాత బోల్టుతోపాటే తిరుగుతూ కూర్చుంటుంది, విప్పడం నరకం. డ్రిల్లు పెట్టే ముందు రేకు వెనక వైర్లు గానీ ఏసీ గొట్టాలు గానీ లేవని చూసుకుని, బిట్ మీద 10 మి.మీ. దగ్గర టేపు చుట్టండి. బిట్ ఆ టేపుదాకా దిగగానే ఆపేయండి.

సీటు బోల్టు కింద పట్టీ దూర్చి స్టాండు నిలబెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. మేము దాన్ని సిఫారసు చేయం. ప్రమాదంలో మనిషి బరువును ఆపేది ఆ బోల్టే. మధ్యలో పట్టీ చేరితే మర పట్టే లోతు ఆ మేరకు తగ్గుతుంది, పట్టీకి వేసిన పెయింటు నలిగేకొద్దీ బిగువు పోతుంది.

కాళ్ళ ఆకారం ముందు అట్టముక్కతో కత్తిరించి చూడండి. అట్ట సరిపోయాక దాన్ని పట్టీ మీద పెట్టి గీత గీయండి. 3 మి.మీ. పట్టీని 6 మి.మీ. కడ్డీ మీదుగా వైసులో 90 డిగ్రీలు వంచితే, బయటి కొలతలు రెండూ కలిపిన పొడవు కంటే చదును ముక్క సుమారు 5 మి.మీ. తక్కువ ఉండాలి. అంటే 60, 40 మి.మీ. బాహువులు కావాలంటే 95 మి.మీ. ముక్క కోయాలి. ఈ 5 మి.మీ. మరచిపోతే రంధ్రాలు బోల్టుల మీదికి రావు. రంధ్రాలు వంచిన తర్వాతే వేయండి, వంపుకు దగ్గరగా ముందే వేస్తే వంచేటప్పుడు సాగిపోతాయి. వంపు నుంచి రంధ్రం అంచుదాకా కనీసం 8 మి.మీ. ఉండాలి. పట్టీలో మొదటి పగులు ఎప్పుడూ వచ్చేది ఆ మధ్య జాగాలోనే.

బార్ పొడవు 500 మి.మీ. దాటితే రెండు కాళ్ళు చాలవు, మధ్యలో మూడోది వేయండి.

బాడీ మెలిక సంగతి మరవద్దు. ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు బండి బాడీ కొద్దిగా మెలి తిరుగుతుంది. డ్యాష్ రెండు చివరలా బార్‌ను బిర్రుగా బిగిస్తే ఆ మెలికనంతా కాళ్ళే మోయాలి. కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది, ఆ తర్వాత పగులు. కాబట్టి ఒక కాలు పూర్తిగా బిగించి, రెండో కాలికి పొడుగు రంధ్రం చేయండి. 8 మి.మీ. దూరంలో రెండు 6.5 మి.మీ. రంధ్రాలు వేసి మధ్య భాగాన్ని ఆకురాయితో కలిపేస్తే పొడుగు రంధ్రం వస్తుంది. అక్కడ బోల్టుకు పైనా కిందా 3 మి.మీ. రబ్బరు వాషరు పెట్టి, రబ్బరు కొద్దిగా నలిగేదాకా లాక్ నట్టు బిగించండి. రబ్బరు పక్కలకు ఉబ్బి బయటికి వచ్చిందంటే ఎక్కువ బిగించారన్నమాట.

టీ-నట్లలో రెండు రకాలున్నాయి. బార్ మధ్యలో ఎక్కడైనా దూర్చి చుట్టూ తిప్పి పట్టించేవి ఒకటి, బార్ చివరి నుంచి జార్చేవి ఇంకోటి. మొదటి రకం చేతికి సులువు, కానీ వణుకుకు బోల్టు కొంచెం వదులైనా నట్టు వెనక్కి తిరిగి స్లాట్ లోంచి ఊడి వచ్చేస్తుంది. బండికి రెండో రకమే వేయండి. బార్ బిగించేశాక మరి జార్చలేరు కాబట్టి ముందుగానే రెండు మూడు నట్లు ఎక్కువ వేసి పెట్టుకోండి.

బోల్టు పొడవుతోనే చాలామంది దెబ్బ తింటారు. ప్లేటు మందం, వాషరు మందం, స్లాట్ లోతు కలిపి, అందులోంచి ఒక మి.మీ. తీసేస్తే వచ్చేది గరిష్ఠ పొడవు. స్లాట్ లోతు 6 మి.మీ., ప్లేటు 5, వాషరు 1 అయితే 11 మి.మీ., కాబట్టి 10 మి.మీ. బోల్టు. అక్కడ 12 మి.మీ. బోల్టు పెడితే దాని మొన స్లాట్ అడుగును తాకుతుంది. స్పానరుకు బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ప్లేటు మాత్రం వదులే. ఎంత బిగించినా మౌంటు వదులవుతోందంటే మొదట ఇదే చూడండి.

రెండింటికీ సరిపోయే ప్లేటు

బాల్ మౌంటును ఇంట్లో చేయాలని చూడకండి. గుండ్రటి రబ్బరు పూత, రెండు చిప్పలు సమానంగా పట్టే బిగువు చేత్తో రావు. అది కొనుక్కోవడమే మేలు. ఫోనుకు 25 మి.మీ. బాల్, పది అంగుళాల ట్యాబ్‌కు 38 మి.మీ. బాల్ తీసుకోండి. చిన్న జీపీఎస్ పరికరాలకూ చాలా ఫోను హోల్డర్లకూ వచ్చే 17 మి.మీ. బాల్ తారురోడ్డుకే తగినది. అడుగున 38×30 మి.మీ. దూరంలో నాలుగు రంధ్రాలున్న బాల్ కొనండి. ఏఎంపీఎస్ అనే ఈ వరస చాలా కంపెనీల సామాన్లకు ఉమ్మడి కొలత.

ప్లేటు 5 మి.మీ. అల్యూమినియం, 90×52 మి.మీ. మధ్యలో ఏఎంపీఎస్ రంధ్రాలు నాలుగు, ఒక్కోటి 4.5 మి.మీ. వీటిలో 38 మి.మీ. కొలత బార్‌కు అడ్డంగా రావాలి. అప్పుడు ఎం4 నట్లు బార్ మధ్యగీతకు 19 మి.మీ. దూరంలో పడతాయి. బార్ సగం వెడల్పు 10 మి.మీ. కనుక నట్టు చుట్టూ సాకెట్ పట్టే జాగా మిగులుతుంది. 30 మి.మీ. కొలతను అడ్డంగా పెట్టినా ప్లేటు కూర్చుంటుంది, కానీ నట్టు బార్‌ను దాదాపు రాసుకుంటుంది, స్పానరు దూరదు. ఇక ప్లేటు రెండు చివర్లలో, మధ్యగీత మీద, 69 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలు: స్లాట్ బార్‌కైతే 5.5 మి.మీ., కింద చెప్పే రోల్‌బార్ క్లాంపుకైతే 6.5 మి.మీ.

గుర్తులు పెట్టి, సెంటర్ పంచ్ కొట్టి, ముందు 3 మి.మీ. బిట్‌తో వేసి తర్వాత అసలు సైజుకు పెంచండి. నాలుగు రంధ్రాలూ ఒకేసారి వేయకుండా ఒకటి వేసి బాల్ అడుగును దానికి బోల్టుతో తగిలించి, మిగతా మూడింటినీ దాన్నే మూసగా పెట్టుకుని గుర్తు వేస్తే కొలత తప్పదు.

రోల్‌బార్ క్లాంపు, కూరగాయలు తరిగే బోర్డుతో

రోల్‌కేజీ గొట్టానికి డ్రిల్లు పెట్టడం, వెల్డింగ్ చేయడం రెండూ కూడని పనులే. బండి బోల్తా పడినప్పుడు గొట్టం వంగేది సరిగ్గా ఆ బలహీనమైన చోటే. చుట్టూ పట్టుకునే క్లాంపు చాలు. దానికి 20 మి.మీ. మందమున్న తెల్లటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు చక్కగా పనికొస్తుంది. అది హెచ్‌డీపీఈ. పగలదు, తడికి ఉబ్బదు, మామూలు రంపంతో తెగుతుంది.

గొట్టం బయటి వ్యాసం క్యాలిపర్‌తో కొలవండి. ఉదాహరణకు 45 మి.మీ. గొట్టం, 1.5 మి.మీ. రబ్బరు లైనింగ్ అయితే 48 మి.మీ. హోల్‌సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) కావాలి. బోర్డులోంచి 90 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. ఎత్తు ముక్క కోయండి. ముందు బోల్టు రంధ్రాలు వేయాలి, తర్వాత పెద్ద రంధ్రం, చివర్లో రెండుగా కోయడం. ఈ వరస తప్పితే రెండు సగాల రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా రావు.

బోల్టు రంధ్రాలు 6.5 మి.మీ., 70 మి.మీ. ఎత్తు పొడవునా, మందం మధ్యలో, రెండు పక్క అంచుల నుంచి 10.5 మి.మీ. లోపలికి. అప్పుడు రెండింటి మధ్య 69 మి.మీ. వస్తుంది, అంటే ప్లేటు రంధ్రాలతో సరిగ్గా కలుస్తుంది. మామూలు బిట్ అంత లోతుకు అందదు. అందుకే పైనుంచి సగం, కిందినుంచి సగం వేయండి. మధ్యలో అర మి.మీ. తేడా వచ్చినా 6.5 రంధ్రంలో ఎం6 బోల్టు సర్దుకుంటుంది. హోల్‌సాను నెమ్మదిగా తిప్పండి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి పళ్ళకు అంటుకుంటుంది.

ఇప్పుడు 48 మి.మీ. రంధ్రం మధ్యగుండా, అడ్డంగా రంపంతో కోసి రెండు సగాలు చేయండి. కోతలో పోయే ఒకటిన్నర, రెండు మి.మీ.లే క్లాంపుకు పట్టునిచ్చేది. బోల్టులు పూర్తిగా బిగించాక కూడా సగాల మధ్య సన్నటి ఖాళీ కనిపించాలి. రెండూ తగులుకుపోయి గొట్టం ఇంకా తిరుగుతోందంటే కోసిన ముఖాలను ఒక మి.మీ. అరగదీయండి. లోపల లైనింగ్‌కు పాత ట్యూబు రబ్బరు బాగుంటుంది. హెచ్‌డీపీఈకి మామూలు జిగురేదీ అంటదు కాబట్టి అతికించే ప్రయత్నం మానేసి, రబ్బరును గొట్టానికే ఒక చుట్టు చుట్టి దాని మీద క్లాంపు వేయండి.

పై సగం మీద మన 90×52 ప్లేటు కూర్చుంటుంది, బోల్టులకు పెద్ద వాషరు పని కూడా అదే చేస్తుంది. ఎం4 నట్లు 20 మి.మీ. ముక్కకు రెండు పక్కలా బయట పడతాయి. బోల్టులు ఎం6×90, కింద వెడల్పాటి వాషరు, లాక్ నట్టు. మిగిలిన మర తెగ్గోసి మొన అరగదీయాలి, ఎందుకంటే రోల్‌బార్ తల దగ్గర ఉండే వస్తువు. అక్కడున్న స్పాంజి తొడుగును క్లాంపు వెడల్పు మేరకే కోయండి.

హెచ్‌డీపీఈకి ఒక చెడ్డ గుణం ఉంది. ఒత్తిడి కింద మెల్లగా జారిపోతుంది. ఈరోజు బిగించిన బోల్టు వారానికి కొంత వదులవుతుంది. అది మీ పని తప్పు కాదు. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి బిగిస్తే తర్వాత నిలకడగా ఉంటుంది. ట్యాబ్ లాంటి బరువుకు ఒక్క క్లాంపు గొట్టం చుట్టూ తిరిగిపోవచ్చు. 100 మి.మీ. దూరంలో రెండు క్లాంపులు వేసి వాటిని కలుపుతూ పొడవైన ప్లేటు వేయండి.

ట్యాబ్ తొట్టి

వెనక పలకకు 6 మి.మీ. ప్లైవుడ్ గానీ ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు గానీ చాలు, ట్యాబ్ కంటే నలువైపులా 2 మి.మీ. పెద్దది. కింద రెండు, పక్కకు ఒక్కొక్కటి కొక్కేలు, 20×2 మి.మీ. పట్టీతో. లోపల 3 మి.మీ. నియోప్రీన్ రబ్బరు అతికించండి, లేకపోతే ట్యాబ్ అంచు వారంలో గీతలు పడుతుంది. పైన కొక్కెం వద్దు. 4 మి.మీ. సాగే తాడును రెండు మూలల మీదుగా లాగి తగిలిస్తే ఒంటి చేత్తో తీసి పెట్టుకోవచ్చు. కొక్కేలు బొత్తాల మీద పడకుండా ముందే గుర్తు వేసుకోండి. గోతిలో పడ్డ ప్రతిసారీ స్క్రీను ఆరిపోతోందంటే కొక్కెం పవర్ బొత్తాన్ని నొక్కుతున్నట్టే.

వెనక పలకలో వేడి పోవడానికి 20 మి.మీ. రంధ్రాలు ఆరేడు వేయండి. బాల్‌ను పలక మధ్యలో కాకుండా తూకం నిలిచే చోట బిగించాలి. ట్యాబ్‌తో సహా తొట్టిని స్కేలు అంచు మీద అటూ ఇటూ నిలబెట్టి, రెండు గీతలు కలిసే చోటు చూసుకోండి. తూకం రెండు సెం.మీ. పక్కకు పోయినా బాల్ చిప్పలు ఎంత బిగించినా తొట్టి ఒక పక్కకు వాలుతూనే ఉంటుంది.

ఫోను, కెమెరా, మైకు

ఈ మూడింటికీ కావలసింది ఒకటి కాదు. కెమెరాకు రాయిలాంటి బిగువు కావాలి. రబ్బరు మీద ఊగే కెమెరాలో దృశ్యం జెల్లీలా వణుకుతుంది. ఫోనుకు అలా కాదు. వణుకును సరిచేసే చిన్న లెన్సు మోటారు ఉన్న ఫోన్లకు ఎడతెగని వణుకు మంచిది కాదు. మోటారుసైకిలు ఇంజను వణుకుతో ఐఫోన్ కెమెరా దెబ్బ తినవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. కారు డ్యాష్ అంత ఘోరం కాకపోయినా, గరుకు దారిలో రోజుల తరబడి తిరిగేవాళ్ళు ప్లేటుకూ బాల్‌కూ మధ్య నాలుగు ఎం4 రబ్బరు డ్యాంపర్లు పెట్టుకోవడం మంచిది. బరువు వాటిని నొక్కేలా పెట్టాలి, లాగేలా కాదు. లాగుడుకు రబ్బరు లోహం నుంచి ఊడిపోతుంది.

కెమెరా అడుగున పట్టేది పావు అంగుళం, అంగుళానికి 20 మరల బోల్టు. చూడ్డానికి ఎం6 లాగే ఉంటుంది, ఎం6 బోల్టు కెమెరాలో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది కూడా. తర్వాత బలవంతం చేస్తే కెమెరా మర పోతుంది. ఎం6కు మర దూరం 1 మి.మీ., దీనికి 1.27 మి.మీ. బోల్టు కెమెరాలోకి నాలుగున్నర మి.మీ.కి మించి దూరకుండా వాషర్లతో సరిచేసుకోండి. బండి బయట పెట్టే కెమెరాకు మౌంటుతో సంబంధం లేని వేరే చోట కట్టిన సన్నటి స్టీలు తీగ తప్పనిసరి.

వాకీటాకీ మైకుకు ప్లేటు అంచున ఒక కొక్కెం చాలు. అయస్కాంతంతో పట్టే హోల్డరయితే దిక్సూచి పెట్టిన చోటికి, ఫోనుకు దూరంగా ఉంచండి.

త్రీడీ ప్రింటరు ఉన్నవాళ్ళకు: పీఎల్ఏ వద్దు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మూసిన బండిలో ఎండపడ్డ డ్యాష్ అంతకు మించి కాలుతుంది. పీఈటీజీ దాదాపు 80 దాకా ఓర్చుకుంటుంది, ఏఎస్ఏ 100 దాకా. బలం పడే దిక్కులో పొరలు ఊడకుండా ముక్కను పడుకోబెట్టి ప్రింట్ చేయండి. ఇక రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు డ్యాష్‌క్యామ్‌కూ వైరు క్లిప్పులకూ తప్ప దేనికీ వద్దు. దాని పట్టు పూర్తిగా రావడానికి 72 గంటలు పడుతుంది, డ్యాష్ పాలిష్ పూసిన చోట ఎప్పటికీ రాదు.

కరెంటు

60 వాట్ల చార్జరు 12 వోల్టుల దగ్గర దాదాపు 5.6 ఆంపియర్లు లాగుతుంది. వైరు రానూపోనూ 6 మీటర్లు అనుకుంటే 1.5 చదరపు మి.మీ. వైరులో 0.4 వోల్టు పోతుంది, 0.5 వైరులో 1.2 వోల్టు పోయి వైరు వెచ్చబడుతుంది. కాబట్టి 1.5 వైరు, 10 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది చార్జరును కాదు, వైరును. అందుకే బ్యాటరీ నుంచి లాగితే ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి.

తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు గడి నుంచి, ఒకే గడిలో రెండు ఫ్యూజులు పట్టే ఫ్యూజు ట్యాప్‌తో తీసుకోవడం సులువు. గడిలోని ఫ్యూజు తీసి మీటరుతో ఏ కాలికి 12 వోల్టులు వస్తున్నాయో చూడండి. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు ఆ వైపు రావాలి. తిరగేసి పెడితే కొత్త లోడు కూడా పాత ఫ్యూజు గుండానే పోయి, మీరు ఫోను చార్జింగ్ పెట్టగానే వైపర్లు ఆగిపోవచ్చు.

టంకం వేసిన జాయింట్లు వణుకుకు టంకం ఆగిన చోటే విరుగుతాయి. క్రింప్ చేసి హీట్ ష్రింక్ తొడగండి. ఫోను సాకెట్‌కు 30 మి.మీ. దూరంలోనే వైరును ప్లేటుకు క్లిప్పుతో పట్టించండి, వైరు బరువు సాకెట్ మీద వేలాడకూడదు. రేకులోంచి వైరు పోయే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్. చార్జరు పెట్టగానే రేడియోలో గురగురమంటే చార్జరు మార్చండి, లేదా వైరుకు రెండు చివరలా ఫెర్రైట్ పూస వేయండి.

మొదటి చక్కర్

లోహంలోకి పోయే బోల్టులకు, మర వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క. ఏబీఎస్, పాలీకార్బనేట్ ముక్కల దగ్గర వాడకండి, ఆ ద్రవం తగిలిన చోట ప్లాస్టిక్ చీలుతుంది. అక్కడ లాక్ నట్లే సరి. అల్యూమినియంలోకి పోయే స్టెయిన్‌లెస్ బోల్టులకు కొంచెం గ్రీజు రాయండి, తడికి తెల్లపొడి పట్టి బిగుసుకుపోవు. గ్రీజు రాసినవాటికి థ్రెడ్‌లాకర్ పనిచేయదు, రెండింటిలో ఒకటే.

అన్నీ బిగించాక ప్రతి బోల్టు తల నుంచి ప్లేటు మీదికి నెయిల్‌పాలిష్‌తో ఒక గీత గీయండి. ఫోను లేకుండా, దాని బరువున్న చెక్కముక్క పెట్టి గరుకు దారిలో 20 కిలోమీటర్లు తిప్పుకు రండి. గీత విరిగిన బోల్టు కదిలిందన్నమాట. దాన్ని ఊరికే మళ్ళీ బిగించకండి. పొడవు స్లాట్ అడుగును తాకుతోందా, వాషరు కింద పెయింటు నలిగిందా, కాలు బాడీతోపాటు మెలి తిరుగుతోందా చూడండి. చప్పుడు ఎక్కడిదో తెలియకపోతే పక్కవాళ్ళు ఒక్కో ముక్కనూ వేలితో నొక్కి పట్టుకోవాలి. చప్పుడు ఆగిన ముక్క దగ్గరే రబ్బరు వాషరు వేయాలి. కాళ్ళ వంపుల మీద పెయింటు వెంట్రుకలా చీలి కనిపిస్తే లోపల లోహం కూడా చీలడం మొదలైనట్టే. ఆ కాలు తీసేసి, అట్టముక్క దాచి ఉంటే దాంతోనే కొత్తది కోసుకోండి, ఈసారి 4 మి.మీ. పట్టీతో.